సున్నం లేకపోతే అది ఉత్త జావే

మొక్కజొన్న పిండిని పాలలో కలిపి, పంచదార వేసి, పైన దాల్చినచెక్క పొడి చల్లి "మెక్సికో వాళ్ల ఆతోలే ఇదే" అని చూపించే వీడియోలు ఈ మధ్య నా ఫోనులో తెగ వస్తున్నాయి. కొందరైతే కస్టర్డులో కలిపే తెల్లటి కార్న్‌ఫ్లోర్‌తోనే పని కానిచ్చేస్తున్నారు. గింజలో ఉన్నవన్నీ వదిలేసి పిండిపదార్థం ఒక్కటే విడదీసి ఆరబెడితే వచ్చే పొడి అది. దానితో నేత చీరలకు గంజి పెట్టుకోవచ్చు. ఆతోలే అంటే మెక్సికోలో వేడివేడిగా తాగే మొక్కజొన్న పానీయం. దానికి ఎండు మొక్కజొన్న గింజలు కావాలి, వాటిని ఉడికించేటప్పుడు వేయడానికి సున్నం కావాలి. గోడలకు వేసేది కాదు, తాంబూలంలో రాసుకునేది. పాలు లేకపోయినా ఫరవాలేదు, పంచదార లేకపోయినా ఫరవాలేదు. సున్నం వేయకపోతే మాత్రం మిగిలేది మొక్కజొన్న జావ.

ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడంతోనే గడిచింది నాకు. ఇప్పుడు అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో ఉంటున్నాం. ఈ పానీయం సంగతి తెచ్చినవాడు మా మరిది కొడుకు. కంప్యూటర్ ఉద్యోగం మీద కొంతకాలం మెక్సికోలోని గ్వాదలహారాలో ఉండి వచ్చాడు. అక్కడ పొద్దున్నే వీధి మలుపుల్లో తమాలెలు అమ్ముతారట. మొక్కజొన్న ముద్దలో కూరో మాంసమో పెట్టి, పొత్తు మీద రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. పక్కనే పెద్ద గిన్నెలో పొగలు కక్కుతూ ఆతోలే. రాజధాని మెక్సికో నగరంలోనైతే తమాలెను రొట్టె మధ్యలో పెట్టుకుని, ఒక గ్లాసు ఆతోలే పట్టుకుని నడుస్తూనే తినేసి పనికి పోతారట. రొట్టెలో మళ్లీ పిండిముద్ద ఏమిటని మా ఆయన అడిగారు. పొలం పనికి వెళ్లేవాణ్ణి మధ్యాహ్నం దాకా నిలబెట్టాలంటే అదే సరైన తిండి అనుకుంటాను నేను.

"పెద్దమ్మా, రుచి మన రాగిజావకు దగ్గరగానే ఉంటుంది, కానీ వాసన వేరు. ఇక్కడ ఏ పిండితో చేసినా ఆ వాసన రావడం లేదు" అన్నాడు వాడు. వాడు చేసిన ప్రయత్నాలన్నీ సూపర్‌మార్కెట్ పొట్లాలతోనే. వాసన రాకపోవడంలో వింతేమీ లేదు. అది మొక్కజొన్న వాసన కాదు, సున్నంలో ఉడికిన మొక్కజొన్న వాసన.

మెక్సికోలోను, దాని చుట్టుపక్కల దేశాల్లోను వేల ఏళ్లుగా చేస్తున్న పని ఇది. ఎండు గింజల్ని సున్నపు నీటిలో ఉడికించి రాత్రంతా అందులోనే నాననిస్తారు. దానికి నిష్టమల్ అని పేరు. క్షారం తగిలితే గింజ మీది గట్టి పొర కరిగి జారిపోతుంది. లోపలి పిండికి జిగురు వస్తుంది. సున్నంలోని కాల్షియం కొంత గింజలోకి చేరుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది కంటికి కనబడదు: మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉంది గానీ, మన పేగులు పీల్చుకోలేనట్టుగా ఇతర పదార్థాలతో బిగిసిపోయి ఉంటుంది. ఆ బిగింపును సున్నం విప్పుతుంది.

సముద్రం దాటి యూరప్ చేరిన మొక్కజొన్నతో పాటు ఈ సున్నం సంగతి వెళ్లలేదు. గింజలు తీసుకుపోయినవాళ్లు వంట నేర్చుకోలేదు. పేదవాళ్లు మూడు పూటలా మొక్కజొన్నే తిన్న చోటల్లా పెల్లగ్రా వచ్చింది. చర్మం పొక్కిపోవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లోనే ఈ జబ్బును గమనించి రాశాడు. ఇటలీలో ఊళ్లకు ఊళ్లు దీని పాలబడ్డాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది అంటువ్యాధి కాదనీ, తిండి లోపమనీ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించేసరికి 20వ శతాబ్దం వచ్చింది. మందు నియాసినేనని 1937లో తేలింది. ఇన్ని వందల ఏళ్లూ మెక్సికో పల్లెల్లో అదే గింజ తింటూ ఆడవాళ్లు రోజూ రాత్రి పొయ్యి మీద సున్నపు నీళ్లు పెడుతూనే ఉన్నారు. మన దగ్గరా పెల్లగ్రా లేకపోలేదు. దక్కను పీఠభూమిలో జొన్నలే ఆధారంగా బతికిన పేదల్లో కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దాని మీద చాలా పరిశోధన చేసింది. అన్నం తినే మా డెల్టా వైపు ఆ బాధ లేదు గనుక మేము ఈ పాఠాన్ని పుస్తకంలో చదివి వదిలేశాం.

మొక్కజొన్న మాకు కొత్త కాదు. గోదావరి వరద తీసి లంకల్లో ఒండ్రు ఆరాక వేస్తారు. వరి కోసిన మళ్లలో రెండో పంటగా వేసేవాళ్లూ ఉన్నారు. లేత పొత్తులు రోడ్ల పక్కన బొగ్గుల మీద కాల్చి ఉప్పూ కారం రాసి అమ్ముతారు, తింటాం. ముదిరి ఎండిన గింజ మాత్రం మనిషి తిండి లెక్కలోకి రాదు. ఎక్కువ భాగం అనపర్తి వైపు కోళ్లఫారాలకు దాణాగా పోతుంది. ఇంట్లో వండుకోవడానికి ఎండు గింజలు కావాలని ఒక లంక రైతును అడిగితే, "ఎన్ని కోళ్లు పెంచుతున్నారమ్మా?" అన్నాడు. అలా అడిగి తెచ్చుకోవడమే మంచిది. దుకాణంలో విత్తనాల సంచి కొని వండవద్దు, విత్తనాలకు పురుగుమందు పట్టించి ఉంటారు. బూజు వాసన వేసినా, నల్లగా మారిన గింజలు కనబడినా మొత్తం పారేయండి, ఏరుకుని వాడే బేరం పెట్టుకోకండి. తీపి మొక్కజొన్న, పేలాల మొక్కజొన్న దీనికి పనికిరావు. మెక్సికోలో ఎక్కువగా తెల్ల గింజలు వాడతారు, మనకు దొరికేవి పసుపు. రంగు మారుతుంది తప్ప పద్ధతి మారదు.

ఇక సున్నం. మా అత్తయ్యగారి తాంబూలం పెట్టెలో ఒక ఇత్తడి సున్నపుకాయ ఉంటుంది. దాని మీద చెయ్యి వేయాలంటే ఆవిడ అనుమతి ఉండాలి. "సున్నం వేసి జావ కాస్తావా? నోరు పొక్కుతుందే అమ్మాయ్!" అన్నారు. "అత్తయ్యగారూ, బూడిద గుమ్మడికాయ హల్వా ముక్కలు ఎందులో నానబెడతారు?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి సున్నపుకాయ నా వైపు జరిపారు. ఆవిడ వాడేది గుల్ల సున్నం. మా తీరంలో, కాకినాడ ఖాతంలో ఏరిన గుల్లల్ని కాల్చి చేసేది. రాతి సున్నం కంటే నున్నగా ఉంటుందని ఆవిడ నమ్మకం. రసాయనంగా రెండూ కాల్షియం హైడ్రాక్సైడే. రంగు, సువాసన కలిపి అమ్మే డబ్బాలు వద్దు. నీళ్లు తగలని కాల్చిన సున్నాన్ని ఇంట్లో మీరే చల్లార్చే సాహసమూ వద్దు. అది బుసబుసమని పొంగి కళ్లలో పడితే చూపుకే ప్రమాదం.

పావు కిలో గింజలకు లీటరు నీళ్లు, రెండున్నర గ్రాముల పొడి సున్నం. అంటే గింజల బరువులో నూటికి ఒక వంతు. తాంబూలపు తడి సున్నమైతే చిన్న చెంచాడు. స్టీలు గిన్నెలోనే చేయాలి. అల్యూమినియం గిన్నెను సున్నపు నీళ్లు తినేస్తాయి, నల్లటి మకిలి దిగుతుంది. సున్నం ముందు నీళ్లలో బాగా కలిపి, గింజలు వేసి, మరిగాక మంట తగ్గించి అరగంట నుంచి ముప్పావుగంట ఉడికించాలి. గింజలు పడగానే నీళ్లు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. కాసేపటికి గింజలూ ముదురు పసుపు రంగుకు వస్తాయి. అప్పుడు వస్తుంది ఆ వాసన. కాస్త మట్టి, కాస్త కాలిన గింజ, ఇంకా ఏదో ఉప్పటి ఘాటు. మరిది కొడుకు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపితే పొట్టు జిగురుగా జారిపోవాలి, లోపల మాత్రం ఇంకా పలుకు ఉండాలి. దించి మూతపెట్టి తెల్లవార్లూ వదిలేయాలి.

పొద్దున ఆ నీళ్లు వంచేసి, గింజల్ని రెండు అరచేతుల మధ్య రుద్దుతూ కడగాలి. పొట్టు పీలికలు పీలికలుగా నీళ్లలో తేలుతుంది. సున్నం పోయిందో లేదో తెలుసుకోవడానికి అందరూ "శుభ్రంగా కడగండి" అంటారు, శుభ్రం అంటే ఎంతో చెప్పరు. నా పద్ధతి ఇది: కడిగిన నీళ్లు ఒక తెల్ల గిన్నెలోకి తీసి చిటికెడు పసుపు వేయండి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని మనకు తెలియనిది కాదు. నీళ్లు ఎర్రబడితే ఇంకా సున్నం ఉన్నట్టు. పసుపు పసుపుగానే నిలిచిందంటే చాలు. లిట్మస్ కాగితం కోసం ప్రయోగశాల దాకా పోనక్కర లేదు. మరీ ఎక్కువసార్లు కడిగితే ఆ వాసనా పోతుంది. నేనైతే లేత నారింజ ఛాయ దగ్గర ఆపేస్తాను.

రుబ్బడం దగ్గర మెక్సికో ఆడవాళ్ల కష్టం ఇంతా అంతా కాదు. మెతాతే అనే ఏటవాలు రాతి పలక ముందు మోకాళ్ల మీద కూర్చుని, రాతి కర్రతో గంటల తరబడి నూరేవారు. రొట్టెలకైతే గట్టి ముద్ద కావాలి గనుక మనకూ రుబ్బురోలో గ్రైండరో ఉండాలి. ఆతోలేకు ఎలాగూ నీళ్లు కలుపుతాం, మిక్సీ సరిపోతుంది. ఈ విషయంలో నాకు పట్టింపు లేదు. సున్నం దగ్గర పట్టుబట్టినదాన్ని, రోలు దగ్గర పట్టుబట్టను.

లీటరు ఆతోలేకు రుబ్బిన ముద్ద 150 గ్రాముల దాకా పడుతుంది. దాన్ని రెండు గ్లాసుల చల్లటి నీళ్లలో కలిపి పల్చటి గుడ్డలో వడకట్టాలి. గుడ్డలో మిగిలిన పిప్పి అట్ల పిండిలో కలిపేయండి. లీటరులో మిగతా నీళ్లు వేరే గిన్నెలో పోసి, వేలెడు దాల్చినచెక్క వేసి మరగనిచ్చి, వంద గ్రాముల బెల్లం కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్లలోకి మొక్కజొన్న పాలు సన్నటి ధారగా పోస్తూ, చెక్క తెడ్డుతో అడుగు నుంచి తిప్పుతూ ఉండాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తెడ్డుకు బరువు తెలియడం మొదలైన క్షణం నుంచి అక్కడినుంచి కదలకూడదు, ఫోను మోగినా సరే. సన్న సెగ మీద పది పదిహేను నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోతుంది. తెడ్డు వెనక పూతలా పట్టి, వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉండగానే దించేయండి. పాలు కావాలంటే విడిగా కాచి, ఆతోలే దించాక కలపండి. బెల్లం పులిసి ఉందంటే పొయ్యి మీదే పాలు విరిగిపోతాయి.

అక్కడ వాడే తీపి పిలోన్సీయో. చెరకు రసం కాచి శంకు ఆకారపు అచ్చుల్లో పోసిన బెల్లమే. మన చెరకు బెల్లం దానికి సరిజోడు. నేను మాత్రం తాటిబెల్లం వేస్తాను, ఆ పొగవాసన సున్నపు మొక్కజొన్నకు బాగా కుదురుతుంది. దాల్చినచెక్క విషయంలో ఒక మాట. మన కిరాణా కొట్లలో దొరికే మందపాటి చెక్క చాలావరకు కాసియా. మెక్సికో వాళ్లు కోరుకునేది సింహళపు దాల్చిన. కాగితంలా పల్చగా, పొరలు పొరలుగా చుట్టుకుని, వేళ్లతో నలిపితే విరిగిపోతుంది. ఘాటు తక్కువ, తీపి ఎక్కువ.

స్పెయిన్ వాళ్లు రాకముందు వాళ్ల ఆతోలేలో బెల్లం లేదు, పాలు లేవు, దాల్చినచెక్క లేదు. తేనెతోనో, కిత్తనార జాతి మొక్క పాకంతోనో, మిరపకాయతోనో తాగేవారు. చెరకు మన వైపు నుంచి, దాల్చిన సింహళం నుంచి బయలుదేరి, చేతులు మారుతూ అక్కడికి చేరాయి. మిరప, మొక్కజొన్న, కోకో అక్కడినుంచి బయలుదేరి ఇక్కడికి వచ్చాయి. నాకు మరీ ముచ్చటేసిన సంగతి కొబ్బరిది. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు, మెక్సికోలోని అకపుల్కోకు మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. వాటిలో కొబ్బరికాయలూ, కల్లు గీయడం తెలిసిన ఫిలిప్పీన్స్ నావికులూ ఆ తీరం చేరారు. ఇవాళ్టికీ కొలీమా రాష్ట్రంలో కొబ్బరికల్లు వీధుల్లో అమ్ముతారట. కొబ్బరి వేసి కాచే ఆతోలే కూడా ఉంది. అది చేయడానికి కోనసీమ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు. సగం నీళ్లకు బదులు కొబ్బరిపాలు, చివరలో పోసి ఒక్క పొంగు రానివ్వకుండా దించేయడమే.

కోకో మాటెత్తాను కాబట్టి చాంపురాదో గురించి చెప్పాలి. చాక్లెట్ వేసిన ఆతోలేకు ఆ పేరు. మా కొబ్బరిచెట్ల కింద కోకో ఉంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరిలో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేసినవాళ్లు బోలెడంత మంది. 2024లో గింజల ధర ఎన్నడూ చూడనంత ఎత్తుకు పోయి, తర్వాత అంతే వేగంగా పడింది. పెరిగినప్పుడు మురిసిపోయినవాళ్లం, పడినప్పుడు ఉడతల్ని తిట్టుకున్నాం, కాయలకు బొక్కలు పెట్టి పాడుచేసేవి అవే కదా అని. ఇన్నేళ్లుగా పండించి అమ్ముతున్నా, ఆ గింజతో ఇంట్లో ఏదైనా చేసుకోవచ్చని మా తోటలో ఎవరికీ తోచలేదు. కాయ పగలగొట్టి గుజ్జుతో సహా గింజల్ని బుట్టలో పోసి, అరిటాకులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ వారం దగ్గరగా పులియబెట్టడం, పరదా మీద ఎండబెట్టడం, బస్తా కట్టి కొనుగోలుదారుకు తూయడం. మా పని అక్కడితో అయిపోయేది.

ఒక గుప్పెడు గింజలు మూకుడులో సన్న సెగ మీద వేయించాను. చిటపటమన్నాక పులిసిన వాసన పోయి చాక్లెట్ వాసన పుట్టింది. వేడి తగ్గాక వేళ్లతో నలిపితే పెంకు ఊడింది, చేటలో పోసి చెరిగితే పెంకులు ఎగిరి పప్పు మిగిలింది. చిన్న రోలును ఎండలో పెట్టి వేడెక్కించి అందులో నూరాను. మొదట రవ్వగా, తర్వాత పొడిగా, ఇంకా నూరితే చుక్క నీరు పోయకుండానే జారుడు ముద్దగా మారుతుంది. గింజలో సగం కొవ్వే, అది కరిగి బయటికి వస్తుంది. ఆ ముద్ద యాభై గ్రాములు లీటరు ఆతోలేలో వేసి, ఇంకాస్త బెల్లం కలిపి, చల్ల చిలికే కవ్వంతో చిలికాను. మెక్సికోలో దీనికి మోలినీయో అని చెక్కతో చెక్కిన కవ్వం ఉంది, రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పుతారు. అది రాకముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించేవారు. దుకాణంలో కొన్న కోకో పొడితోనూ చేయవచ్చు, బాగానే ఉంటుంది. కాకపోతే దానిలో కొవ్వు చాలావరకు తీసేసి ఉంటారు కాబట్టి ఆ మెరుపు, ఆ జారుడు రావు.

ఇది చలికాలపు పానీయం. అక్కడ డిసెంబరు 16 నుంచి 24 దాకా పోసాదాలు చేస్తారు. మేరీ, జోసెఫ్ బస కోసం వెతికినట్టుగా జనం పాడుకుంటూ ఇంటింటి తలుపూ తడతారు, చివరికి ఒక ఇంట్లో తమాలెలు, వేడివేడి పానీయాలు ఇస్తారు. దాదాపు అదే రోజున మాకు ధనుర్మాసం మొదలై హరిదాసు వీధిలోకి వస్తాడు. జనవరి 6న పంచుకునే రొట్టెలో చిన్న బొమ్మ దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెలు పెట్టాలి, పక్కన ఆతోలే ఉండి తీరుతుంది. మా మరిది కొడుక్కి ఆ బొమ్మ వచ్చిందట. ఆఫీసు మొత్తానికి తమాలెలు కొనిపెట్టాడట. వాళ్ల అమ్మకు ఈ లెక్క ఇంకా చెప్పలేదు.

అత్తయ్యగారికి తీపి పడదు. ఆవిడ కోసం బెల్లం నీళ్లలో పోయకముందే మొక్కజొన్న పాలు ఒక గిన్నెడు విడిగా తీసి, ఉప్పు, దంచిన పచ్చిమిరపకాయ, కాసిని లేత మొక్కజొన్న గింజలు వేసి ఉడికించాను. ఇది నా కల్పన కాదు, చిలియాతోలే అని అక్కడ కారంగా చేసుకునేది ఉంది. అందులో వేసే ఆకు మనకు దొరకదు, కొత్తిమీర వేశాను. ఆవిడ ముందు వాసన చూశారు, తర్వాత గ్లాసు ఖాళీ చేశారు. "నీ చాక్లెట్ దాని కంటే ఇదే నయం" అని తేల్చేసి, ఈసారి మిరియాలు వేయమన్నారు. సున్నపుకాయ మాత్రం ఆ పూటే వెనక్కి అడిగి తీసుకున్నారు. చేసేవాళ్లకు చివరగా ఒక మాట: గిన్నె ఖాళీ కాగానే నీళ్లు పోసి నానబెట్టండి. ఎండిపోయిందంటే కొబ్బరి పీచుకు కూడా లొంగదు.